పరుగెత్తని పరుగులు

పత్రిక డెస్కులో చేరి ఇరవై రోజులు కూడా కాలేదు. 1991. కృష్ణా జిల్లాలో ఒక రైస్ మిల్లు యజమాని పోయారని వ్యాపారుల సంఘం వాళ్ళు ఇంగ్లీషులో నోట్ పంపారు. నాలుగు పేరాలు. అందులో ఆయన ముప్ఫై ఏళ్ళపాటు మిల్లును ‘రన్’ చేశారని ఉంది. రన్ అంటే పరుగెత్తు అని హైస్కూల్లో బెత్తం దెబ్బలతో సహా నేర్చుకున్నదాన్ని. మిల్లును పరుగెత్తించడమేమిటో అంతుపట్టలేదు. అడుగుదామంటే ఎదురు కుర్చీలో సీనియర్ ఎన్నికల కాపీలతో కుస్తీ పడుతున్నాడు. ఉన్న తెలివంతా వాడి, ‘మిల్లు కోసం ముప్ఫై ఏళ్ళు అలుపెరగకుండా పరుగులు తీశారు’ అని రాసి పంపేశాను. చదవడానికి బాగానే ఉంది. అందుకే ఎవరూ పట్టుకోలేదు.

మర్నాడు పదకొండింటికి ఫోను. పోయినాయన పెద్దకొడుకు. అరిచినా బాగుండేది, నెమ్మదిగా మాట్లాడాడు. “అమ్మా, మా నాన్నగారికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. కర్ర లేకుండా అడుగు వేసింది లేదు. గల్లాపెట్టె ముందు కూర్చునే మిల్లంతా చూసుకున్నారు. పరుగులేమిటమ్మా?” అన్నాడు.

ఆ ఆదివారం ఊరెళ్ళినప్పుడు సిగ్గు విడిచి నాన్నకు చెప్పాను. ఆయన కృష్ణా డెల్టా కాలవ మీద లస్కరు. చదువు ఏడో తరగతితో ఆగింది, ఇంగ్లీషు రాదు. దాచిన పేపరు తీసి, ఆ వార్త మీద వేలుపెట్టి చదివి, “మిల్లు నడిపాడు అంటే సరిపోయేది కదే. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ మిల్లు ఆడని రోజు లేదు” అన్నాడు.

నడవలేని మనిషి ముప్ఫై ఏళ్ళు మిల్లు నడిపాడు. ఎంత బాగుంది! ఇంగ్లీషు వచ్చిన నాకు తట్టనిది, రాని నాన్నకు తట్టింది.

సోమవారం బీసెంట్ రోడ్డులో రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నాను. డెస్కుకొచ్చే కాపీల్లో ‘రన్’ కొత్త వేషంలో కనబడినప్పుడల్లా ఆ వాక్యం ఎక్కించడం, దానికి నంబరు వేయడం, పక్కన మనవాళ్ళు ఏమంటారో రాసుకోవడం. ఎవరికీ చూపించలేదు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి 118 చేరాయి. ఏదో ఘనకార్యం చేశాననే అనుకున్నాను, 2011 దాకా.

ఆ ఏడాది ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ నుంచి కబురొచ్చింది. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్న మాట ‘రన్’ అట. క్రియగానే 645. వాటిని విడదీసి, వరస పెట్టి, ఒక్కోదానికీ సాక్ష్యం చూపించే పని పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడిది. తొమ్మిది నెలలు పట్టింది. నవమాసాలూ మోశాడన్నమాట. అంతకుముందు ఆ పీట మీద ‘సెట్’ కూర్చుని ఉండేది. 1989లో వచ్చిన రెండో కూర్పులో దాని వివరణకే 60,000 మాటలు పట్టాయి, విడి క్రియకు 430 అర్థాలిచ్చారు. తర్వాత కొత్త కూర్పు పని ‘ఎం’ అక్షరం దగ్గర మొదలుపెట్టారు గనక 2000లో ‘మేక్’ దాన్ని దాటింది, 2007లో ‘పుట్’ దాటింది, చివరికి ‘రన్’ వచ్చి అందరినీ కిందకు దింపింది. నా 118 నోటుబుక్కులో ముడుచుకు కూర్చున్నాయి.

645 అంటే ఎవరైనా కూర్చుని అల్లిన లెక్కేమో అనిపిస్తుంది. వాళ్ళ పని తీరు తెలిస్తే అలా అనిపించదు. మొదటి కూర్పు సంపాదకుడు జేమ్స్ మర్రే ఇంటి దొడ్లో ఇనపరేకుల షెడ్డు వేసుకుని, దాని నిండా గూళ్ళు పెట్టించాడు. దేశదేశాల పాఠకులు పుస్తకాల్లోంచి వాక్యాలు చీటీల మీద ఎత్తి రాసి పంపేవారు. ఆ చీటీలను పంచి, ఇది ఈ అర్థంలో, అది ఆ అర్థంలో అని కుప్పలు వేసేవారు. అర్థాన్ని ఎవరూ కల్పించరు, వాక్యాల్లోంచి ఏరుకుంటారు. 1884 ఫిబ్రవరిలో మొదటి భాగం అచ్చయింది, 1928కి గానీ ఆఖరిది రాలేదు. మర్రే 1915లోనే పోయాడు. మన బ్రౌన్ దొర కన్నుమూసింది కూడా ఆ 1884 డిసెంబరులోనే. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో 1852లోనే వచ్చేసింది. దీనికీ రన్‌కీ సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేక చెప్పాను.

ఇన్ని అర్థాలెందుకు పుట్టాయి? సైమన్ వించెస్టర్ అనే రచయిత న్యూయార్క్ టైమ్స్‌లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. యంత్రాలొచ్చాక, రైళ్ళొచ్చాక, ఆ తర్వాత కంప్యూటర్లొచ్చాక ‘రన్’ చేసే వస్తువులు పెరిగిపోయాయని ఆయన మాట. నిజమే. కానీ దానికి ముందు సంగతి ఒకటుంది. నాకది ఎక్కువ ఇష్టం.

పాత ఇంగ్లీషులో ఈ మాట ‘రిన్నన్’. అదే మాట అక్షరాలు తారుమారై ‘ఇర్నన్’ అని కూడా ఉండేది. ఇది వింతేం కాదు. తమిళులు ‘ఇరండు’ అనేదాన్ని మనం ‘రెండు’ అంటున్నామా లేదా? నాలుక ఎక్కడైనా నాలుకే. ఇంతకీ ఆ రిన్నన్‌కు మొదటినుంచీ రెండు పనులు: మనిషి పరుగెత్తడం, నీళ్ళు పారడం. అంటే ఈ మాటలో కాళ్ళెంత పాతవో, నీళ్ళూ అంత పాతవే.

ఇది చదివిన రాత్రి షిఫ్టు అయ్యేదాకా నాకు నాన్నే గుర్తొస్తున్నాడు. లస్కరు ఇంట్లో పుట్టిన పిల్లకు ‘పారడం’ గురించి ఇంకొకరు చెప్పాలా?

తొలకరి తర్వాత కాలవకు నీళ్ళు వదిలిన రోజుల్లో నాన్న తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాడు. సైకిలు, టార్చిలైటు, షట్టరు తిప్పే ఇనప చక్రం పిడి. ఆ పిడి మా గుమ్మం పక్కన ఎప్పుడూ ఉండేది. దాన్ని మేం ముట్టుకోకూడదు. తూము దగ్గర రైతులు మూగి ఉండేవారు. ఎగువ వాళ్ళు రాత్రి మడవ అడ్డంగా తెంపేశారని దిగువ వాళ్ళ గొడవ. నాన్న ఎవరి మాటా వినకుండా గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్ళకేసి చూసేవాడు. ఒక గడ్డిపరక విసిరి, అది ఎంతసేపట్లో రాయి దాకా పోయిందో చూసి, “పారకం తక్కువగా ఉంది” అనేవాడు. చక్రం రెండు చుట్లు తిప్పేవాడు. అంతే. నీటిని ఎవరూ తొయ్యక్కర్లేదు, దారి ఇస్తే చాలు. శిస్తులు కట్టేది ఎగువవాడైనా దిగువవాడైనా ఒకటే గదా అని ఆయన వాదన, అది వేరే కథ.

పారడమంటే ఒక్క నీళ్ళ పనే అనుకుంటాం గానీ, తెలుగులో ‘పారు’ చేసే చాకిరీ చూడండి. దొంగ పారిపోతాడు, అక్కడ అది అచ్చంగా పరుగే. పాచిక పారుతుంది. నీ ఎత్తులు నా దగ్గర పారవంటాం. చూపు పారినంత మేరా పచ్చటి చేలే అంటాం. పసిపిల్ల పారాడుతుంది. అంటే ఇంగ్లీషువాడు రిన్నన్‌లో పెట్టుకున్న జత, నీళ్ళూ కాళ్ళూ, మన పాత మాటలోనూ ఉంది. రెండు భాషలకూ చుట్టరికం లేదు. చూసిన దృశ్యం ఒకటి, అంతే.

ఈ కిటుకు దొరికాక నా నోటుబుక్కు సగం దానంతట అదే విడిపోయింది. కొత్తగా చేరే ట్రైనీలకు ఇప్పటికీ ఇదే చెబుతున్నాను: ‘రన్’ కనబడగానే డిక్షనరీ తెరవకండి. ఇంగ్లీషువాడు దేనికి కాళ్ళు కట్టాడో చూడండి. రోడ్డు కాలవ వెంట ‘రన్’ అయితే, కాలవ వెంటే పోతుంది. మధుమేహం ఇంట్లో ‘రన్’ అయితే, అది వాళ్ళ వంశంలోనే ఉంది; తరం నుంచి తరానికి పారుతోందని ఇంగ్లీషువాడి ఊహ, రక్తంలోనే ఉందని మన ఊహ. ముక్కు ‘రన్’ అయితే కారుతోంది. చీర రంగు ‘రన్’ అయితే దిగింది. ఒప్పందం మార్చి దాకా ‘రన్’ అయితే, గడువు మార్చి దాకా ఉంది. పాత స్నేహితుడితో ‘రన్ ఇంటూ’ అయితే తారసపడ్డాడు. అదే మాట లారీతో అయితే గుద్దుకున్నాడు. ఇక్కడ తేడా వస్తే మాత్రం మళ్ళీ పదకొండింటికి ఫోను వస్తుంది.

నీళ్ళు పోగా మిగిలిన సగం యంత్రాలది, వ్యవహారాలది. ఇక్కడే తమాషా. ఇంగ్లీషువాడు పరుగెత్తించేవాటిని మనం నడిపిస్తాం. బడి నడుపుతాం, బస్సు నడుపుతాం, పత్రిక నడుపుతాం, సంసారం నడుపుతాం. కేసు కోర్టులో నడుస్తుంది. మన కోర్టుల సంగతి చూస్తే ఈ మాట కూడా కాస్త ఎక్కువే. ఎవరికైనా వరసగా దెబ్బలు తగులుతుంటే ఏలినాటి శని నడుస్తోందంటాం. ఏడున్నరేళ్ళు. శనైశ్చరుడంటేనే మెల్లగా నడిచేవాడని అర్థం. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి ఆ గ్రహానికి సుమారు 29 ఏళ్ళు పడుతుంది. దానికి ‘రన్’ తగిలిస్తే జ్యోతిష్కులు ఒప్పుకోరు.

తెలంగాణ నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన ఉండేవాడు. పేజీలో ఫొటో చిన్నదైనా, హెడ్డింగు రెండక్షరాలు ఎక్కువైనా, “నడుస్తది తియ్యి మేడం” అనేవాడు. ఫరవాలేదు, పని జరిగిపోతుందని. నేను నడవనిచ్చేదాన్ని కాదు. ఇద్దరం ఆ ఒక్క మాట మీద పదేళ్ళు పోట్లాడుకున్నాం.

మూడోది ‘ఆడు’. నాన్న చెప్పినట్టు మిల్లు ఆడుతుంది. గానుగ ఆడుతుంది. మా గోడ గడియారం ఆడటం మానేసి చాలా ఏళ్ళయింది. ఊపిరి ఆడుతుంది. కంగారులో కాలూ చేయీ ఆడవు. చేతిలో డబ్బు ఆడాలి. సినిమా వంద రోజులు ఆడుతుంది. ఈ సినిమా సంగతి చెప్పాలి. ఇంగ్లీషులో సినిమా ‘రన్’ అవుతుంది, తెలుగులో ఆడుతుంది. ఆడకపోతే? ఇంగ్లీషువాడు పడిపోయిందంటాడు, మనవాడు పోయిందంటాడు. మనిషి పోయాడన్నట్టే. మా సినిమా పేజీ కుర్రాడు ఒకసారి ‘చిత్రం మూడు వారాల పరుగు పూర్తిచేసుకుంది’ అని రాశాడు. నేనేమీ అనలేదు. నా మిల్లు వార్త జిరాక్సు కాపీ డ్రాయరులోంచి తీసి అతని ముందు పెట్టాను.

బ్యాంకుల రన్‌కు మాత్రం నాకు సరైన తెలుగు మాట దొరకడానికి చాలా కాలం పట్టింది. 2007 సెప్టెంబరు 14, శుక్రవారం. బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ అనే బ్యాంకు అత్యవసరంగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు సాయం కోరిందని ముందురోజు రాత్రి పొక్కింది. తెల్లారేసరికి జనం డబ్బు తీసుకోవడానికి వచ్చేశారు. ఏజెన్సీ కాపీలో ‘రన్ ఆన్ ది బ్యాంక్’ అని ఉంది, 1866 తర్వాత ఆ దేశంలో ఇలాంటిది ఇదే మొదటిసారి అని ఉంది. మా ట్రైనీ అమ్మాయి ‘బ్యాంకు వైపు జనం పరుగు’ అని పెట్టింది. దానితో పాటు వచ్చిన ఫొటో చూశాను. కోట్లు వేసుకున్న ముసలివాళ్ళు, చేతిలో గొడుగులు, మడత కుర్చీలు. ఒకరి వెనక ఒకరు వరసలో నిలబడ్డారు. ఒక్కడూ పరుగెత్తట్లేదు. పేవ్‌మెంటు మీద కదలకుండా నిలబడటాన్ని రన్ అన్నారు!

అప్పుడర్థమైంది, అక్కడ పారిపోయేది మనుషులు కాదు, డబ్బు. గండి పడింది చెరువుకు. ‘డిపాజిట్లకు గండి’ అని హెడ్డింగు మార్చాను. నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేను గొప్పగా చెప్పుకునే హెడ్డింగులు మూడో నాలుగో ఉంటే అందులో ఇదొకటి. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకుకు అదే జరిగింది. ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు తీసేసుకోవడానికి ఖాతాదారులు సిద్ధమయ్యారు. మర్నాడు బ్యాంకు మూసేశారు. ఈసారి పరుగూ లేదు, వరసా లేదు. సోఫాలో కూర్చుని ఫోను మీద వేలు కదిపారు.

క్రికెట్ దగ్గరికొస్తే మనందరికీ పరుగు అన్న మాట ఎంత అలవాటైపోయిందంటే, అందులోని విడ్డూరం కనబడదు. బంతి గాల్లో లేచి గీత అవతల పడితే బ్యాటు పట్టుకున్నవాడు కదలడు, అవతలివాడూ కదలడు, లెక్కలో ఆరు పరుగులు. 2001 మార్చిలో కోల్‌కతాలో మన హైదరాబాదీ లక్ష్మణ్ ఆస్ట్రేలియా మీద కొట్టిన 281 ఉంది కదా. అందులో ఫోర్లే 44. అంటే 176 పరుగులు బౌండరీల్లోనే వచ్చాయి, వికెట్ల మధ్య ఉరికి తీసినవి 105. ఒకప్పుడు ఇంగ్లండు పల్లెల్లో స్కోరును కర్ర మీద గాట్లు పెట్టి గుర్తుంచుకునేవారు, పరుగును గాటు అనే పిలిచేవారు. ఆ మాటే నిలిచి ఉంటే మనం ఇవాళ ‘లక్ష్మణ్ 281 గాట్లు’ అని రాసుకునేవాళ్ళం. దెబ్బ తగిలిన బ్యాటరు బదులు పరుగెత్తే ‘రన్నర్’ను అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి ఐసీసీ తీసేసింది కూడా 2011లోనే. డిక్షనరీలో రన్ గెలిచిన ఏడాదే మైదానంలో రన్నర్ ఔట్.

ఎన్నికల్లో ఇంకో వింత. అమెరికావాడు పదవి కోసం పరుగెత్తుతాడు. అదే ఇంగ్లీషు మాట్లాడే బ్రిటన్‌వాడు ఎన్నికల్లో నిలబడతాడు. మనవాడూ ఎమ్మెల్యేగా నిలబడతాడు. నిలబడ్డాక నిజంగా పరుగెత్తేది మనవాడే, ఇల్లిల్లూ. 2024 జులైలో ట్రంప్ తన ‘రన్నింగ్ మేట్’గా జేడీ వాన్స్‌ను ఎంచుకున్నప్పుడు, ఆయన భార్య ఉష తల్లిదండ్రులది ఆంధ్ర మూలమని తెలిసి మా పేజీలన్నీ ఆ వార్తలే. ‘రన్నింగ్ మేట్’ను ఏమనాలని ఆ రాత్రి డెస్కులో అరగంట చర్చ. గుర్రప్పందేల మాట అది: అసలు గుర్రానికి వేగం అందించడానికి అదే లాయంలోంచి పక్కన పరుగెత్తించే రెండో గుర్రం. ‘జంట గుర్రం’ అందామని ఒకడన్నాడు. ఆ మాట రాస్తే మర్నాడు ఉండమని అందరికీ తెలుసు. ‘ఉపాధ్యక్ష అభ్యర్థి’ అని రాసి ఊరుకున్నాం.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది ‘రన్ అవుట్’. క్రికెట్‌ది కాదు, వంటింటిది. అనువాదానికొచ్చిన ఒక కథలో పేద ఇల్లు; బియ్యం ‘రన్ అవుట్’ అయ్యాయి. ‘అయిపోయాయి’ అని రాస్తే తప్పు కాదు. కానీ మా అమ్మ జన్మలో ఆ మాట అనలేదు. డబ్బా అడుగున చెయ్యి పెట్టి గీకుతూ కూడా, “బియ్యం నిండుకున్నాయి, చీకటి పడకుండా తెండి” అనేది. ఖాళీ అయితే నిండుకున్నాయి. దీపం ఆరితే కొండెక్కింది. గాజు పగిలితే పెరిగింది. లేమిని ఇంట్లో పేరుపెట్టి పిలవకూడదు, వింటుంది. ఇంగ్లీషువాడి బియ్యం కుండలోంచి కారిపోయాయి, మా అమ్మ బియ్యం నిండిపోయాయి. నోటుబుక్కులో ఆ వాక్యం పక్కన నేను నంబరు వేయలేదు.

ఇంతకీ రన్‌ను మనం అనువదించుకోవడమే కాదు, ఇంట్లోకి తెచ్చి పెట్టుకున్నాం కూడా. కాలేజీల్లో రన్నింగ్ నోట్స్. వడ్రంగి దగ్గర రన్నింగ్ ఫుట్టు లెక్క. కాంట్రాక్టరుకు పని మధ్యలో వచ్చే రన్నింగ్ బిల్లు. అది ఎప్పుడూ ఆగే ఉంటుందని మా బావగారి బాధ. మొన్న మేనకోడలి పెళ్ళికి చీర కొనడానికి వెళ్తే దుకాణం కుర్రాడు మడత విప్పి, “బ్లౌజు రన్నింగే మేడం” అన్నాడు. పక్కనున్న మా పెద్దమ్మ, “ఎక్కడికి నాయనా?” అంది. అతను నవ్వలేదు. ఓపిగ్గా పమిట చెంగు అవతల అదే బట్టలో కొనసాగిన ఎనభై సెంటీమీటర్లు చూపించాడు. విడిగా కత్తిరించిన ముక్క కాదు, చీరతో పాటే పారుతూ వచ్చిన ముక్క. గిల్లివర్ గారి 645లో ఈ రన్నింగ్ బ్లౌజు ఉందో లేదో గానీ, ఉండాల్సిన వస్తువే.

మా తమ్ముడు రైల్వేలో లోకో పైలట్. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండిని కూడా “నడుపుతున్నాను” అనే అంటాడు. రైల్వే లెక్కలో వాడు ‘రన్నింగ్ స్టాఫ్’. ఇంటికి దూరంగా డ్యూటీ దిగినప్పుడు వాళ్ళు విశ్రాంతి తీసుకునే చోటును ‘రన్నింగ్ రూమ్’ అంటారు. మంచాలు, దుప్పట్లు, నల్ల కర్టెన్లు, గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని బోర్డు. పగలు పదకొండింటికి ఫోను చేస్తే గుసగుసగా, “అక్కా, రన్నింగ్ రూమ్‌లో ఉన్నా, పడుకున్నా” అంటాడు. ఇండియా మొత్తంలో ఎవరూ పరుగెత్తకూడని గది ఏదైనా ఉంటే అదే. వాడి కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. పొద్దుటినుంచి కుర్చీలోంచి లేవకుండా, “రన్ అవట్లేదు అత్తా” అని తల పట్టుకుంటాడు. ఏది రన్ అవట్లేదురా అంటే తెర మీద నాలుగు వరసలు చూపిస్తాడు. అవి ఎక్కడికీ పోవాల్సిన పని లేదు. పై నుంచి కిందకు ఒక్కో వరసా చదువుకుంటూ చెప్పినట్టు చేస్తే చాలట. అదీ కాలవే, వాడికి నేను చెప్పలేదు.

నాన్న ఆఖరి రోజుల్లో పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మాట పలచబడింది, చూపు మాత్రం తేటగానే ఉంది. ఒక రాత్రి సెలైన్ పెట్టారు. ఆ మాట కూడా చూడండి, డాక్టరు కాగితంలో అది రన్ అవుతుంది, మన నోట్లో ఎక్కుతుంది. సీసా కింద గొట్టంలో ఒక్కో బొట్టూ పడుతుంటే నాన్న చాలాసేపు దానికేసే చూశాడు. పెదాలు కదుపుతున్నాడు. దగ్గరికి వంగి విన్నాను. లెక్కపెడుతున్నాడు.

సిస్టర్ వచ్చి, గొట్టం పట్టుకు చూసి, “రన్ అవుతోంది తాతగారూ, పడుకోండి” అంది.

నాన్న వేలెత్తి గొట్టం మీదున్న చిన్న చక్రం చూపించాడు. “పారకం తక్కువగా ఉందమ్మా,” అన్నాడు. “అర చుట్టు తిప్పు.”

ఆ పిల్ల తన వాచీకేసి చూస్తూ బొట్లు లెక్కపెట్టింది. తర్వాత చక్రాన్ని బొటనవేలితో కొంచెం పైకి జరిపింది.